రెండో బ్రేకు లెక్క

ఇరవై ఎనిమిదేళ్లుగా డ్రైవింగ్ స్కూలు నడుపుతున్న నేను, డెబ్బై ఒకటో ఏట, మతి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా నా చేత్తో రాస్తున్నాను. ఇదివరకు రాసినది చెల్లదు. దీన్ని అమలు చేయవలసింది నా కోడలు. మూడో అంశం కూర్చుని చదవమని ఆమెకు నా మనవి.

1. స్కూలు, రెండు కార్లు, ముందుగది కోడలికి. పదకొండేళ్లుగా నిజానికి నడుపుతున్నది ఆమే, బోర్డు మీద పేరు మాత్రమే నాది. వెనకగోడ చెమ్మ సంగతి వానలకు ముందే చూసుకోవాలి.

2. నా రోజువారీ పుస్తకాలు ఇరవై ఎనిమిదీ మనవరాలికి. నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చుని, నా కాలి కింది రెండో బ్రేకు ఎన్నిసార్లు తొక్కానో వాటిలో ఉంది. సున్న పడనిదే ఎవరినీ పరీక్షకు పంపలేదు. తండ్రులు వచ్చి అరిచినా పంపలేదు.

3. ప్రతి శనివారం పదహారు, పదిహేడేళ్ల పిల్లలకు కోడలు, పదకొండేళ్ల కిందట కారు ప్రమాదంలో పోయిన నా కొడుకు ఫొటో చూపించి, తాగి బండి నడిపితే ఇంతే అని చెబుతోంది. అది నిజం కాదు. ఆ మధ్యాహ్నం విందులో నా బావమరిది వాడి చేతికి గ్లాసు ఇవ్వడం అందరూ చూశారు. వాడు తాగలేదని బావమరిది మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. నాకు తెలుసు. వాడు కారు నడుపుతూ దారిలో ఉన్నాడని తెలిసే నేను ఫోను చేశాను.

"మామయ్య పోసింది ముట్టుకోలేదులే నాన్నా, అదే కదా నీ దిగులు?" అన్నాడు.

అది కాదు, రెండో కారు తాళం ఎక్కడ పెట్టావని అడిగాను. సొరుగులో చూడమంటూ ఉండగానే చప్పుడు వినబడింది. తాళం నా చొక్కా జేబులోనే ఉంది.

ఇకపై క్లాసులో ఇది చదవాలి. తాగినవాడికి తాళం ఇవ్వవద్దు. నడుపుతున్నవాడికి ఫోను చేయవద్దు. చేసినవాడు తండ్రయినా సరే, ఎత్తవద్దు. అమ్మాయ్, నన్ను క్షమించమని అడగడం లేదు. వాడి ఫొటో కింద రాసి ఉన్న ఆ తాగుడు మాట మార్చు.

4. బావమరిదికి నా చేతిగడియారం. బండి తాళం జేబులో ఉన్నవాడికి గ్లాసు అందించడం తప్పేనని ఇప్పటికీ అంటాను. కానీ నా కొడుకు చావుకు కారణమన్న నింద పదకొండేళ్లు మోశాడు, నేను చూస్తూ ఊరుకున్నాను. నా దగ్గర అడిగి పట్టుకెళ్లిన కారు జాకీ కూడా అతనే ఉంచుకోవచ్చు.

5. ఆ రోజు నా జేబులో ఉన్న తాళం, పిల్లలు క్లాసుకు ముందు ఫోన్లు పడేసే రేకు డబ్బా అడుగున ఉంచాలి.

6. పాత కారు నడిపే హక్కు మనవరాలిది. ఈ ఉదయం ఆమె నడుపుతుండగా, నా కాలు బ్రేకు మీదే ఉంచి, చాటుగా ఆమెకు ఫోను కలిపాను. సంచిలో చాలాసేపు మోగింది. ఎవరో చూడమన్నాను.

"మోగనీ తాతయ్యా. ఎవరైనా సరే, బండి ఆపాకే."

నేటి బ్రేకు లెక్క: సున్న.

తేదీ: మార్చి 9, శనివారం, క్లాసుకు గంట ముందు.

సంతకం: డ్రైవింగ్ మాస్టారు

సాక్షులు: ఎదురు షెడ్డు మెకానిక్, పక్కషాపు టైలరమ్మ