మీరు అలాంటోళ్ళు కాదు

అమ్మకు సలాం.

నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ, తమ్ముడూ, పిల్లలూ బొబ్బిలిలో క్షేమమని నీ ఉత్తరం చూశాక మనసు కుదుటపడింది. ఫోను చెయ్యలేదని కోపం తెచ్చుకోకు. ఫోనైతే తమ్ముడు స్పీకరు పెడతాడు. నీ కంటికి ఆనేలా అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను, ఎవరిచేతా చదివించుకోకు.

నువ్వు పంపిన కాగితాలు ఇక్కడి డాక్టరు చూశాడు. శుక్లం ముదిరింది, ఆపరేషను వచ్చే నెల దాటనివ్వొద్దన్నాడు. పిల్లల గోలలో కన్ను మానదు, నీ దగ్గరే చేయించుకుంటానన్నావు కదా. పరుపు మోసుకురానక్కర్లేదు. నా దగ్గరున్న, నాన్న ఏకిన దూది పరుపు ఇంకా మెత్తగానే ఉంది.

మసీదుకు వచ్చిన పెద్దమనిషి సంగతి రాశావు. ఉర్దూ రాదు, పీర్లకు మొక్కుతారు, మీరేం ముస్లిములు అన్నాడట. "డెబ్బై ఏళ్ళ బట్టీ నేనెవర్నే మరి?" అని నన్నడిగావు. నవ్వాను. కాసేపే.

టీవీలో చూసిన ఆ దాడి గురించి, సంపినోళ్ళు మనోళ్ళేనా అని కూడా అడిగావు. కాదు అని రాసి కొట్టేశాను. చంపేముందు వాళ్ళు తలుచుకున్న పేరు నువ్వు రోజుకి ఐదుసార్లు తలుచుకునే పేరే. నాకేం సంబంధం అంటే సరిపోతుందా? సరిపోదంటే, ప్రతిసారీ కాలేజీ స్టాఫ్ రూములో అందరికంటే ముందు నేనే ఛీ అనాలా? ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను, దీనికి మాత్రం జవాబు తెలీదు. ఇప్పుడు ఎన్నికలు కూడానూ. ఒక పార్టీ మనల్ని చూపించి అందర్నీ భయపెడుతోంది, ఇంకోటి మనకు భయం చూపించి ఓటడుగుతోంది.

ఇక నీకు చెప్పాల్సింది. ఈ పరాయి రాష్ట్రపు రైల్వే ఊళ్ళో, సుభాష్‌పల్లిలో నేను అద్దెకుంటున్న ఇంటావిడ, తెలుగావిడే, జోగమ్మగారి పేరు నీకు తెలుసు. ఆవిడ భర్త రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి పోయాడు. రెండేళ్ళ కిందట గది చూడ్డానికి వెళ్తే నా చీర, జడలో పూలు, మన మాట చూసి "మనోళ్ళ పిల్లే" అని తాళం చేతిలో పెట్టింది. మనలో ఆడవాళ్ళం ఇలాగే ఉంటామని ఆవిడకేం తెలుసు? పేరు, నువ్వు పిలిచే రాణి అనే అన్నాను. మతం అడగలేదు. నేనూ చెప్పలేదు. అప్పటికే పూరీ గేట్ దగ్గర రెండిళ్ళవాళ్ళు సంగతి తెలిసి గది లేదన్నారు. శ్రావణ శుక్రవారాలు పిలిచి పసుపు రాసి బొట్టు పెట్టేది, తల వంచేదాన్ని. ఆ దాడి జరిగిన రోజు టీవీ ముందు కూర్చుని, "ఈళ్ళని ఊర్లోనే ఉంచకూడదు, ఏటంటావు టీచరమ్మా?" అంది. తల ఊపానమ్మా.

నువ్వొస్తే నమాజు దాచలేవు. దాచమనే నోరు నాకు లేదు. అందుకే నిన్న చెప్పేశాను. ఆవిడ చింతపండులో గింజలు తీస్తోంది.

"జోగమ్మగారూ, మేం ముస్లిములం. మా అమ్మ వస్తోంది."

"ఊరుకో, ఏటా ఏళాకోళం?"

"నిజమేనండీ."

ఆవిడ చెయ్యి ఆగింది. "మరి బొట్టెట్టించుకున్నావు?"

"మీరు ప్రేమగా పెట్టారు."

గింజల పళ్ళెం పక్కకి నెట్టింది. "రెండేళ్ళు నా సేతి కూర తిన్నావు, పొమ్మని ఎలాగంటాను? మీరు అలాంటోళ్ళు కాదులే. అమ్మని రమ్మను. గానీ ఆ నమాజేదో తలుపేసుకుని సేసుకోమను. ఈదిలో ఎవరడిగినా సెప్పకండి. ఠీక్ హై?"

"థాంక్సండీ" అన్నాను.

ఇదమ్మా నేను చెప్పుకోలేనిది. తల ఊపడం భయం. బొట్టు మొహమాటం. ఈ థాంక్స్ ఏమిటి? నా తల్లి తలుపేసుకుని దేవుణ్ణి తలుచుకోవడానికి అనుమతి దొరికిందని సంతోషపడ్డాను. నిజంగానే సంతోషపడ్డాను. ఆవిడ చెడ్డదైతే తిట్టి వచ్చేసేదాన్ని. మంచిదే, అదే నన్ను తినేస్తోంది.

ఆ షరతు మీద నిన్ను రమ్మనలేను. గది ఖాళీ చేస్తానని ఈ ఉదయం చెప్పాను. "నానేటన్నానని?" అని ఆవిడ ఏడ్చింది. 

ఆదివారం నుంచి ఇళ్ళు చూస్తాను. నెలాఖరుకి దొరక్కపోతే సెలవు పెట్టి నేనే వస్తాను, ఆపరేషను అక్కడే చేయిద్దాం. తమ్ముడు అడిగితే మాత్రం అక్క గది ఇరుకని చెప్పు.

చూశావా, ఇప్పుడు నీచేత కూడా అబద్ధం ఆడిస్తున్నాను.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి