సరిచూసినవారు: 17

ఫిబ్రవరి 9

ప్రియమైన చిట్టికి,

నలభై నాలుగేళ్ళ బస్సు డ్రైవర్ని పట్టుకుని చిట్టి ఏంటని మరదలు నవ్విందని రాశావు. నవ్వుకోనీ. నిన్ను చంకనేసుకుని తిప్పింది నేను, ఆవిడ కాదు.

నీ ఉత్తరం చదివితే ముందు కోపం వచ్చింది, తరవాత నవ్వొచ్చింది. లైబ్రరీ కూడలి కెమెరా రెండోసారి కూడా నిన్నే పట్టుకుందా? దానికి నీ మీద పగేంట్రా? రెడ్ పడ్డాక గీత దాటితే ఫొటో తీస్తుంది, అంతే. డ్రైవరు ఎవరో, బస్సు ఎంత ఆలస్యమైందో దానికి అక్కర్లేదు. చిన్నప్పుడూ నువ్వింతే, గిన్నె పగలగొట్టి పిల్లి మీద పెట్టేవాడివి. మూడో నోటీసు వస్తే లైసెన్సు ఊడుతుందని తెలిసి కూడా ఇదేం పని? కాస్త ముందు బయల్దేరు. నెమ్మదిగా పో.

నా సంగతి అడిగావు. మిల్లు యంత్రాలు నా చెవులు తినేశాక ఇంకెవరు పని ఇస్తారని ఏడ్చాను కదా, ఈ ఫొటోల గదిలో రెండో ఏడు నడుస్తోంది. కిటికీ లేని గది, ముప్పై బల్లలు, ముప్పై తెరలు. ఎన్నో ఊళ్ళ కెమెరాల ఫొటోలు ఇక్కడికే వస్తాయి. ఫొటో వస్తుంది, చూస్తాను, 'సరిచూశాను' అన్న మీట నొక్కుతాను, నా సంతకం పడుతుంది, నోటీసు పోతుంది. మనిషి చూడకుండా నోటీసు పంపకూడదని నిబంధన ఉంది కాబట్టి మాకు ఈ ఉద్యోగం. గంటకి ఆరు వందలు చూడాలి. సూపర్వైజరుకి నాతో పని పడితే బల్ల మీద తడతాడు, అరచేతికి తెలుస్తుంది. ఫోన్లో మాట్లాడలేనని నువ్వేం బాధపడకు. ఉత్తరమైతే పది రోజులు చదువుకుంటాను.

మరదలి మోకాలు ఎలా ఉందో రాయి.

నీ అక్క


ఫిబ్రవరి 21

అక్కయ్యకి,

డిపోలో అందరూ తిడతారు గానీ, నువ్వు తిడితేనే నాకు తిట్టు తిన్నట్టుంటుంది. మోకాలు అలాగే ఉంది. ఆవిడ నోరు మాత్రం బాగానే ఉంది.

ఒక్కసారి వచ్చి నా బస్సులో కూర్చో. ఆ కూడలిలో ఎల్లో ఇలా వెలిగి అలా పోతోంది. ఇదివరకు ఇలా లేదు, చలికాలం మొదట్నుంచి ఏదో అయింది. మా డిపోలో పదకొండు మందికి అక్కడే నోటీసులు వచ్చాయి. పోనీ గట్టిగా బ్రేకు వేద్దామంటే నిలబడ్డవాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. పోయిన వారం ఒక పెద్దాయన పళ్ళసెట్టు ఊడి నా సీటు కిందకి దొర్లుకుంటూ వచ్చింది. పళ్ళు లేకుండా ఆయన తిట్టిన తిట్లు ఒక్కటీ అర్థం కాక బస్సంతా ఒకటే నవ్వు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన తల తగిలుంటే?

డిపో మేనేజరుకి చెప్తే, "కెమెరాతో వాదిస్తావా?" అన్నాడు. అచ్చం నీలాగే. కెమెరాల వాడకం మీద కొత్త చట్టం చెయ్యడానికి కమిటీ వేశారట, డ్రైవర్ల మాట కూడా వింటారట. వాళ్ళు వినేదాకా నా లైసెన్సు మిగిలితే చాలు. ఈ పని తప్ప నాకు ఇంకేం చేతనవును చెప్పు?

నీ తమ్ముడు


ఏప్రిల్ 3

అక్కా,

నా బస్సు కింద పడి ఒకావిడ చనిపోయింది.

మంగళవారం పొద్దున పదకొండున్నరకి, అదే కూడలిలో. ఆవిడకి యాభై ఏళ్ళుంటాయి. లైబ్రరీ వైపు నుంచి రోడ్డు దాటుతోంది. ఎడమ పక్క ఏదో తగిలినట్టు చప్పుడైంది, దిగి చూశాను. ఆ తరవాత సంగతి రాయలేను.

నేను రెడ్‌లో వెళ్ళలేదక్కా. ఎల్లోలోనే ఉన్నాను. కానీ మూడో రోజుకల్లా కెమెరా నోటీసు వచ్చింది. రెడ్ పడ్డాక 0.4 సెకనుకి గీత దాటానట. దాన్ని పట్టుకుని, సిగ్నలు లెక్కచెయ్యకుండా మనిషిని చంపాడని పోలీసులు కేసు రాశారు. ఇది నిలబడితే మూడేళ్ళు జైలు అంటున్నాడు లాయరు. నీ మరదలు అన్నం ముట్టడం లేదు, నా మొహం కూడా చూడడం లేదు.

నోటీసు నకలు దీంతో పెడుతున్నాను. ఫొటో మీకే తప్ప మాకు రాదట, కాగితమే. అడుగున 'సరిచూసినవారు: 17' అని ఉంది చూడు. మీ గదిలో ఆ పదిహేడో మనిషి ఎవరో తెలిస్తే ఒక్క మాట అడిగి పెట్టు, సరిగ్గా చూశారా అని.

తమ్ముడు


ఏప్రిల్ 9

చిట్టీ,

పదిహేడు నేనే.

ఈ ముక్క రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. నీ నోటీసు చూడగానే తల కొట్టేసినట్టయింది. నీ బస్సని నాకు తెలీదురా. పేర్లు రావు, నంబర్లు వస్తాయి. రోజుకి నాలుగు వేల పైచిలుకు నంబర్లు. మీట నొక్కాక ఆ ఫొటో మళ్ళీ మా తెర మీదకి రాదు.

ఇంకా ఉంది. కూర్చుని చదువు. ప్రతి ఫొటోకీ కింద ఎల్లో ఎన్ని సెకన్లు వెలిగిందో అంకె పడుతుంది. మేం సరిచూడాల్సిన వాటిలో అదీ ఒకటి. కానీ ఆ గడిలో టిక్కు ముందే పెట్టి ఉంటుంది, మేమెవరం దాని జోలికి పోం. సాయంత్రం ఆ రోజు చేసినవన్నీ జాబితాగా అచ్చయి వస్తాయి, చేత్తో సంతకం పెట్టి ఒక నకలు మేం ఉంచుకోవాలి. నిన్న మొత్తం కట్టలు మంచం మీద పరిచాను. లైబ్రరీ కూడలిలో అక్టోబరు దాకా ఎల్లో నాలుగు సెకన్లు. నవంబరు నుంచి 2.8. ఎవరైనా కావాలని తగ్గించారో, బాగుచెయ్యడానికి వచ్చినవాడు పాడుచేసి పోయాడో నాకు తెలీదు. ఉండాల్సినట్టు ఉంటే నువ్వు గీత దాటేసరికి ఇంకా ఎల్లోలోనే ఉండేవాడివి.

డిసెంబరులో ఆ అంకె నా కంట పడింది. దేవుడి మీద ఒట్టు, పడింది. సూపర్వైజరుకి చూపించాను. కాగితం మీద ఏం రాసిచ్చాడో తెలుసా? "మీకు వినపడకపోయినా పని ఇచ్చాం. కనపడినవన్నీ పట్టించుకోకండి." నేను నోరు మూసుకున్నాను. తరవాత నువ్వు ఎల్లో ఇలా వెలిగి అలా పోతోందని రాస్తే, అప్పుడూ మూసుకున్నాను. ఈ ఉద్యోగం పోతే ఎవరి గుమ్మంలో నిలబడాలిరా అని భయం. ఆ రోజే నేను గట్టిగా అడిగుంటే ఆవిడ ఇవాళ ఇంట్లో ఉండేదేమో.

జాబితాలన్నీ నీ లాయరుకీ, కమిటీకీ పంపుతాను. వచ్చి సాక్ష్యం కూడా చెప్తాను. పోతే పోయింది వెధవ ఉద్యోగం.

అక్క


ఏప్రిల్ 16

అక్కా,

వద్దని రాయాలని కూర్చున్నాను. నీ చెవుల సంగతి తెలిసీ, బావ పోయాక నువ్వు పడ్డ పాట్లు చూసీ, రమ్మని ఎలా అంటాను? కానీ వద్దు అనలేకపోతున్నాను. నాకు జైలంటే భయంగా ఉంది. నన్ను క్షమించు.

తమ్ముడు


జులై 28

ప్రియమైన చిట్టికి,

కోర్టు గుమ్మంలో నువ్వు నా భుజం మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే ఏమీ అడగలేకపోయాను. ఇప్పుడైనా మూడు పూటలా తింటున్నావా? మరదలు మాట్లాడుతోందా?

నాకు ఇప్పటికీ ఆ బోను కళ్ళల్లో ఉంది. ప్రశ్నలు కాగితం మీద రాసి చూపించారు. 'ఈ బస్సు ఫొటో మీరు స్వయంగా చూశారా?' చూశాను అన్నాను. నా గొంతు ఎంత పెద్దగా వస్తుందో నాకు తెలీదు కదా, జడ్జి గారు ఉలిక్కిపడ్డారు. ఎల్లో అంకె తప్పని తేలాక అలాంటి కెమెరా ఫొటో సాక్ష్యంగా చెల్లదని, ఫొటో ఉన్న కవరు విప్పకుండానే తిప్పి పంపేశారు. అంతే, కేసు కూలిపోయింది.

ఆ మర్నాడే నన్ను మాన్పించేశారు. నా కుర్చీలో అప్పటికే ఇంకో అమ్మాయి కూర్చుని ఉంది. ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. ప్రస్తుతం ఒక హోటల్లో గిన్నెల పనికి కుదిరాను. అక్కడ అందరూ అరుస్తూనే ఉంటారట, నాకు హాయి.

చట్టం కూడా వచ్చేసింది, చూశావా? ఎల్లో నాలుగు సెకన్లకి తగ్గకూడదు. కంపెనీతో సంబంధం లేనివాళ్ళు మూడు నెలలకోసారి కొలవాలి. గంటకి అరవై ఫొటోలకి మించి ఒకరి చేత చూపించకూడదు. ఆ కూడలి నోటీసులన్నీ రద్దు, రద్దయిన వాటి ఫొటోలు ముప్పై రోజుల్లో చెరిపెయ్యాలి. మీ పదకొండు మందికీ లైసెన్సులు శుభ్రంగా ఉంటాయి. నీ తప్పు లేదని కోర్టే చెప్పింది కాబట్టి ఇక తల ఎత్తుకుని తిరుగు.

నీ అక్క


సెప్టెంబరు 2

అక్కా,

డిపోలో బస్సు తిరిగి ఇచ్చారు. నాలుగు రోజులు నడిపి తాళాలు అప్పజెప్పేశాను. ఎందుకో నీకు చెప్పాలి. నీ ఉద్యోగం పోగొట్టాక చెప్తున్నాను, నన్నెంత తిట్టినా పడతాను.

ఎల్లో చిన్నదన్నది నిజమే. అది ఉండాల్సినంత ఉంటే నేను రెడ్‌లో వెళ్ళినట్టు కాదన్నదీ నిజమే. కోర్టు అడిగింది అదొక్కటే. నేను రోడ్డు చూశానా అని ఎవరూ అడగలేదు. నేను చూడలేదక్కా. రెండు నోటీసులు వచ్చాక, స్టాపు దగ్గర్నుంచి ఆ కూడలి దాకా నా కళ్ళు సిగ్నలు మీదే ఉండేవి. ఎప్పుడు ఎల్లో పడుతుందా అని. పడగానే బ్రేకు వేస్తే జనం పడతారు, వెయ్యకపోతే లైసెన్సు పోతుంది, అందుకని వేగం పెంచేశాను. ఆవిడ పేవ్‌మెంటు అంచున నిలబడి అడుగు కింద పెట్టి ఉంటుంది. పట్టపగలు, అడ్డం ఏమీ లేదు. ఒక్కసారి కళ్ళు దించితే కనపడేది. నాలుగు సెకన్ల ఎల్లో ఉన్నా నాకు కనపడేది కాదు.

ఇది మింగలేక నిన్న ఆవిడ భర్త దగ్గరికి వెళ్ళాను. దర్జీ. కొట్లో మిషను ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు, పొమ్మని కూడా అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కుడుతున్న గుడ్డ మడిచి పక్కన పెట్టి, "నేను కోర్టుకి మిమ్మల్ని శిక్షించడం చూద్దామని రాలేదు బాబూ, ఫొటో చూపిస్తారని వచ్చాను," అన్నాడు. "తను బస్సు రావడం చూసిందా? భయపడిందా? లేకపోతే ఏమీ తెలీకుండానే పోయిందా? అదొక్కటి చెప్పండి, నాకు నిద్ర పట్టడం లేదు."

నాకు తెలీదండీ, నేను చూడలేదండీ అన్నాను.

"మరి చూసినవాళ్ళు ఎవరూ లేరా?"

మా అక్క చూసిందండీ అని నోరు జారాను. ఆయన మొహం ఒక్కసారిగా వెలిగింది. లేచి నాకు స్టూలు వేశాడు, అక్కా. అడిగి చెప్పమని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఫొటో చెరిపేశారని లాయరు చెప్పాడు. ఇక నీ కళ్ళే మిగిలాయి. గుర్తు తెచ్చుకుని ఒక్క మాట రాయి. ఆవిడ మొహం ఎటు ఉంది?

తమ్ముడు


సెప్టెంబరు 8

చిట్టీ,

నిన్ను తిట్టను. తిట్టే మొహం నాకు లేదు.

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి గిన్నెలు తోముతూ కళ్ళు మూసుకుని వెతుకుతున్నాను. ఏమీ రావడం లేదు. ఆ తెర మీద ముందు నంబరు పలక పెద్దదై కనపడుతుంది, తరవాత లైటు, తరవాత గీత మీద చక్రం. మూడూ కలిశాయా, మీట నొక్కు. మిగతా ఫొటో వెనకాల చిన్నగా ఉంటుంది. ఆవిడ అందులోనే ఎక్కడో ఎడమ వైపు ఉండి ఉంటుంది. మనిషి ఉన్నారా అని అడిగే గడి మాకు లేదు. ఆరు సెకన్లలో నేను ఆవిడ దాకా వెళ్ళలేదు. అసలు ఆ రోజు వచ్చిన నాలుగు వేలలో నీ బస్సు ఏదో కూడా నాకు గుర్తు లేదు. కోర్టులో అంత గట్టిగా చూశాను అన్నానే, అది అబద్ధం. నిన్ను బయట పడెయ్యాలని అన్నాను. సంతకం ఉంది కదా, చూసినట్టే కదా అనుకున్నాను.

'ఆవిడ అటు తిరిగి ఉంది, ఏమీ తెలీలేదు' అని రాసి పంపడానికి నాకు ఒక్క నిమిషం చాలు. రెండేళ్ళు చేసిన పని అదే. నిన్న రాశాను కూడా, చింపేశాను. ఆ మనిషి ఆ ముక్క పట్టుకుని నిద్రపోతాడు. కానీ నా చేత్తో ఇంకో దొంగ సంతకం పెట్టలేను.

ఆదివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. నువ్వు ఈలోగా ఆయనకి ఏమీ చెప్పకు, అక్కకి గుర్తు రావడం లేదని కూడా అనకు. నేనే ఆయన ఎదురుగా నిలబడి చెప్తాను, ఆవిణ్ని ఎవరూ చూడలేదని.

అక్క