పాదం మీది పైపొర

హైదరాబాద్, ఫిబ్రవరి 3

ప్రియమైన నానాజీ బావా,

ఫోనెత్తితే మనిద్దరికీ దెబ్బలాటే కాబట్టి ఈసారి కాగితం మీద చెబుతున్నాను. మధ్యలో అడ్డుపడలేవు కదా!

కాగే చెరకురసం ఒలికి కాలిన నీ పాదం షుగరు వల్ల ఇన్ని నెలలైనా మానలేదు. ఈసారీ మానకపోతే ముందు భాగం తీసేయాలని విశాఖ డాక్టరుగారు అన్నారట. మన బెల్లం వండే పెనం దగ్గర పనిచేసే పరదేశి మామ నోరుజారితే తెలిసింది. నువ్వు చెప్పలేదు. ఆ కోపం తర్వాత తీర్చుకుంటాను.

మొన్న డాక్టరుగారు నీ గాయంలో పరిచింది మా ల్యాబు సరుకే. స్పాంజిలాంటి సన్నని అల్లిక. పందిరి మీద బీరపాదు పాకినట్టు దాన్ని పట్టుకుని కొత్త కండ పెరగాలి. వట్టి అల్లికకు కణాలు సరిగ్గా అంటుకోవు. అందుకే పెప్టైడ్ల పూత వేస్తాం. అవి ప్రోటీన్‌లోని చిన్న ముక్కలు, కణానికి పట్టు దొరికేది వాటి దగ్గరే. ఆ పూత వేసే పని నాది. ఎవరి గాయంలోకి వెళుతుందో తెలియకుండా ఇన్నాళ్ళూ నిశ్చింతగా వేశాను. ఇప్పుడు ప్రతి ముక్కనూ రెండేసిసార్లు సరిచూస్తున్నాను.

నర్సు తప్ప ఎవరూ కట్టు విప్పకూడదు. అత్తకు కూడా చెప్పు.

నీ ఇందు

*

దేవరాపల్లి, ఫిబ్రవరి 24

ప్రియమైన ఇందూ,

మంచం దిగడం లేదు. పెనం పరదేశి మామ చూసుకుంటున్నాడు. బెల్లం నల్లబడితే నా తప్పు కాదు. కాలు బాగానే ఉంది. అమ్మ బాగానే ఉంది. గేదె కూడా బాగానే ఉంది. ఎండలు ముదిరాయి, పాపం అంత దూరం ఎందుకని నర్సమ్మను ఇక రావద్దన్నాను.

ఉంటాను మరి,
నానాజీ

*

హైదరాబాద్, మార్చి 1

బావా,

నువ్వు నిజంగా బాగున్నప్పుడు ఆ మాట ఒక్కసారి కూడా అనవు. నర్సును ఎందుకు రావద్దన్నావు? ఏం జరిగింది? నాకు ల్యాబు ఫలితాలు కావాలని అడగడం లేదు. నువ్వు కావాలి, నీ రెండు కాళ్ళతో కావాలి. దాచకు.

ఇందు

*

దేవరాపల్లి, మార్చి 5

ఇందూ,

తిట్టు, కానీ నన్నే తిట్టు. కాలు తీసేస్తారేమోనన్న సంగతి అమ్మకు తెలియకూడదని నీ ఉత్తరం చదివి వినిపించలేదు. అదే కొంప ముంచింది.

నేను నిద్రలో ఉండగా కట్టు తడిసి వాసన వస్తోందని అమ్మ విప్పింది. గాయం మీద తెల్లగా, జిగటగా ఏదో పొర. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పెనం దగ్గరే ఉన్న మనిషి. రసం మీద మురికి తేలితే ఆవిడ చెయ్యి ఊరుకోదు. "ఇదేటిరా, ఇంత మురుగుంచేసి కట్టేసేరు! ఇది తియ్యకపోతే పుండెలా మానతాది?" అంటూ వేణ్ణీళ్ళతో దూది పెట్టి మొత్తం లాగేసింది. షుగరుతో మొద్దుబారిన కాలు, మెలకువ వచ్చేసరికి పని అయిపోయింది. నర్సమ్మ చూస్తే అమ్మకు నిజం తెలిసిపోతుందనే ఆవిణ్ణి రావద్దన్నాను.

నిన్న నిజం చెప్పాను. "నా సేతుల్తో నానే నా కొడుకు కాలు పాడు సేసేను" అని కూలబడిపోయింది. మంగళవారం విశాఖ వెళ్ళాలి. నాకు భయంగా ఉంది. నువ్వు రా.

నీ నానాజీ

*

విశాఖ రైల్వేస్టేషన్, మార్చి 11

ప్రియమైన బావా,

మీ బస్సు వెళ్ళిపోయింది, నా రైలు రాలేదు. ఆస్పత్రిలో ఏదీ విడమరిచి చెప్పలేకపోయాను. డాక్టరుగారి మాటలు అత్తకు సగమే అర్థమయ్యాయి. ఈ ఉత్తరం మాత్రం ఆవిడకు చదివి వినిపించు.

అత్తా, నువ్వు తీసింది అల్లికను కాదు. గాలీ దుమ్మూ తగలకుండా దానిపైన అతికించిన పొరను. ఇంకో వారం పోతే డాక్టరుగారే తీసేవారు. నాకు ఆ అనుమానం ముందే వచ్చింది, కానీ చూడకుండా ఆశపెట్టే ధైర్యం లేకపోయింది. అల్లిక నిండా అప్పటికే కండ పాకింది. అందుకే నువ్వెంత రుద్దినా ఊడలేదు. ఇక మీదట మాత్రం దయచేసి చెయ్యి పెట్టకు!

బావా, పాదం తీయక్కర్లేదు. తొడ మీంచి పలుచగా చర్మం తీసి పైన వేస్తే చాలన్నారు. ఆయన దూదితో తాకగానే ఎర్రగా చుక్కలు చుక్కలుగా రక్తం చిమ్మింది. మీరిద్దరూ హడలిపోయారు. నేను ఏడవడం చూసి నీ మొహంలో నెత్తురు చుక్క లేదు. పిచ్చి బావా, చచ్చిన కండకు రక్తం రాదు. మొగుడి కాలికి నెత్తురు కారుతుంటే సంతోషం పట్టలేక ఏడ్చిన పెళ్ళాన్ని ఆ ఆస్పత్రిలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నీ ఇందు