గుంత మీది తెల్లమట్టి

ఒక ఊరి మనుషులను చంపి, నీతో గుంత తవ్వించి పూడ్పించారు బాపూ. పన్నెండేళ్లు నువ్వు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నువ్వు పోయి పద్నాలుగు నెలలైంది. నీ మీద కోపం ఇంకా తగ్గలేదు, అందుకే ఎలా ఉన్నావని అడగడం లేదు.

కరీంనగర్ దవాఖానలో, ఆఖరి వారంలో, నా చెయ్యి పట్టుకుని చెప్పావు. గల్ఫ్ అని పోతే కంపెనీ వాళ్లు సముద్రం దాటించి ఇంకో దేశంలో రోడ్డు పనికి పెట్టారని. అక్కడ లడాయి మొదలై, ఒక తెగ వాళ్లను ఊళ్లకు ఊళ్లు లేకుండా చేశారని. తుపాకులవాళ్లు క్యాంపుకొచ్చి నిన్నూ నీ జేసీబీనీ పట్టుకుపోయారని. "జీపు మీద నిలవడ్డోడు చెయ్యి ఊపుతుండు, నేను తవ్వుతున్న. ఆపితే నన్ను గూడ గా గుంతలనే ఏస్తరు కొడుకా" అన్నావు.

నీళ్లు తాగించాను.

ఇప్పుడు విను. నేను ఊరుకోలేదు. హుజూరాబాద్‌లో పగలంతా నీ పనే, జేసీబీ మీదే. అన్నం తినే టైములో ఫోన్‌లో వెతికేవాణ్ని. ఆ ఊరి నుంచి బతికి బయటపడ్డవాళ్లు సంఘం పెట్టుకున్నారు, సాక్షులు కావాలని రాశారు. ఫోన్ చూసి నేర్చుకున్న ఇంగ్లీషులో నువ్వు చెప్పిందంతా రాశాను. తప్పులతోనే పంపాను.

ఒకామె ఫోన్ చేసింది. హిందీ వచ్చిన మనిషిని పక్కన పెట్టుకుని మాట్లాడింది. అప్పుడు ఆమెకు తొమ్మిదేళ్లట. తల్లి, ఇద్దరు తమ్ముళ్లు ఆ గుంతలో ఉన్నారు. ఆకాశం నుంచి తీసిన ఫోటో పంపింది. చుట్టూ ఎర్రనేల, గడ్డి. మధ్యలో పొడుగ్గా తెల్లటి చార, అక్కడ ఒక్క పరక మొలవలేదు. ఎందుకిలా ఉందని అడిగింది.

నాకు తెలుసు. నువ్వు పని నేర్పిన మొదటి రోజు చెప్పిందే. "పైమట్టి పక్కకు వెట్టు. ఆఖరుకు అదే పైన కప్పు. లేకుంటే గడ్డి గూడ మొలవది." ఎన్ని గుంతలు పూడ్చినా నువ్వు ఈ వరస తప్పలేదు. అక్కడ మాత్రం అడుగున ఉన్న తెల్ల సుద్దమట్టిని తెచ్చి, ఎన్నేళ్లకైనా ఆ చోటు కనబడాలని పైన కప్పావు. తుపాకులవాళ్లకు మట్టి సంగతి ఏం తెలుసు?

ఆమెకు ఇదే చెప్పాను.

దవాఖానలో ఈ ఒక్క మాట కూడా చెప్పి ఉంటే నీదేం పోయేది బాపూ?

ఆ జీపు మీది మనిషి పోయిన నెల దొరికాడు. ఇంకో దేశంలో పేరు మార్చుకుని దుకాణం నడుపుతున్నాడట. తానక్కడ లేనే లేనంటున్నాడు. నువ్వు ఆ దేశంలో ఉన్నట్టు పాత పాస్‌పోర్టు అయినా చూపమన్నారు సంఘంవాళ్లు. అది నీ చలికోటు లోపలి అస్తరులో కుట్టి ఉండేది. పోయినవాళ్ల బట్టలు వెతకొద్దన్నారు పెద్దలు, ఇంట్లో ఉంచొద్దన్నారు. దినాల రోజు ఆ కోటును నా చేత్తోనే వాగులో వేశాను. నన్ను కన్న అవ్వకు ఆ ఏడుపులో పాస్‌పోర్టు సంగతి గుర్తుకే రాలేదు, తర్వాత చెప్పింది.

అవ్వకు ఇప్పుడు వేరే పరేషాన్. గుంత తవ్వింది నువ్వని తెలిస్తే నిన్నూ ఖూనీకోరంటారేమోనని. నాకూ ఆ భయమే. ఉండబట్టలేక ఆ ఫోన్ చేసినామెనే అడిగాను. ఆమె మాత్రం, ఆ రోజు చూసినవాళ్లు ఇంకెవరైనా బతికున్నారా అని అడిగింది.

ఉన్నాడు కదా. నీ క్యాంపులో నీళ్ల ట్యాంకర్ నడిపినాయన. "మా బోథ్ ఊరి తమ్ముడొకడు మరాఠీల తిట్టుకుంట బండి తోలుతుండె. గా దినం వాడు గూడ నా పక్కపొంటే ఉన్నడు." ఇంతే చెప్పావు. పేరేంటి? ఇంటిపేరేంటి? అన్నీ సగం సగమే ఎందుకు చెప్పావు?

సోమవారం ఆ జీపు మీది మనిషిని జడ్జి ముందు నిలబెడతారు. కళ్లతో చూసిన సాక్షి లేకుంటే వదిలేస్తారట. అందుకే గురువారం పొద్దున్నే బోథ్ పోతున్నాను. ఇల్లిల్లూ అడుగుతాను. ఆయన అసలు ఉన్నాడా... ఉన్నా, నీలాగే నోరు మూసుకుంటే?

కలలో చెప్తావో, అవ్వకు గుర్తు చేస్తావో, నాకు తెలియదు. ఆ ట్యాంకర్ ఆయన పేరు కావాలి. గురువారం బస్సు కదిలేలోపు చెప్పు.