చెల్లికి బిగించిన చొక్కా

మార్చి 3

చెల్లీ నేనూ టెస్టుకి రక్తం ఇచ్చి వచ్చాం. అమ్మనీ పెద్దమ్మనీ మింగేసిన రొమ్ము క్యాన్సర్ జీన్ మాకూ వచ్చిందేమో చూస్తారు. చూడ్డానికేముంది. చెల్లిది అచ్చు అమ్మ ముఖం. నాది నాన్న ముక్కు, నాన్న కోపం. జబ్బు చెల్లిదేనని ఇంట్లో అందరం ఎప్పుడో తేల్చేశాం. అదీ ఒప్పేసుకుంది. పెళ్లి వద్దంది, ఏ ఉద్యోగంలోనూ కుదురుగా లేదు. ఆపరేషన్ తర్వాత చేతులెత్తలేక అమ్మ వేసుకున్న ముందు గుండీల చొక్కా కూడా దానికే ఇచ్చేశాం. వదులైతే నేనే బిగించాను, టైలర్ని కదా.

పోలికకీ ఆ జీన్‌కీ సంబంధం లేదని ఆసుపత్రిలో టెస్టు గురించి మాట్లాడే కౌన్సెలర్ చెప్పింది. చెల్లి నవ్వింది. నేను ఆవిడ భుజం దగ్గర కుట్టు వంకర చూస్తూ కూర్చున్నాను.

మార్చి 29, మధ్యాహ్నం

చెల్లికి లేదు. నాకుంది.

మార్చి 29, రాత్రి

రిపోర్టులు తారుమారయ్యాయేమో చూడమని కౌన్సెలర్‌ని అడిగాను. అడిగాక తెలిసింది నేనేం కోరుకున్నానో. చెల్లి పక్క కుర్చీలోనే ఉంది.

ఏప్రిల్ 10

చెల్లి ఫోన్ ఎత్తడం లేదు. కౌన్సెలర్ దగ్గరికి మాత్రం వెళ్తోందని నాన్న చెప్పారు. జబ్బు లేనిదానికి ఓదార్పేమిటని నాకు ఒళ్లు మండింది. ఈరోజు నా వంతు వచ్చినప్పుడు అదే అడిగాను. మీ చెల్లి సంగతి మీ చెల్లినే అడగండి అంది. ఆపరేషన్ చేయించుకుంటే నాకు తోడుగా ఎవరు కావాలని అడిగింది. ఎవరూ అక్కర్లేదన్నాను. ఇంటికొచ్చి ఒక కాలర్ తిరగేసి కుట్టాను.

ఏప్రిల్ 21

ఆపరేషన్‌కి సరేనన్నాను. జబ్బు రాకముందే రెండు రొమ్ములూ తీసేస్తారు. భయంగా ఉంది. చెల్లి కావాలి. ఆ మాటే దానికి మెసేజ్ పెట్టాను.

ఏప్రిల్ 22

వచ్చింది. టీ పెట్టుకుని తనే తాగింది. రిపోర్టులు వచ్చిన రోజు ఇంటికెళ్లి పడుకుంటే, పుట్టి బుద్ధెరిగాక పోనంత నిద్ర పోయిందట. లేచాక సిగ్గేసిందట. నా ముఖం చూడలేకపోయిందట. చచ్చిపోతాననే ఇన్నాళ్లూ బతికింది, ఇప్పుడు ఇంత బతుకుని ఏం చేసుకోవాలో తెలియడం లేదంది. కౌన్సెలర్‌తో మాట్లాడేది అదేనట.

రిపోర్టుల గురించి ఆ రోజు నేనడిగిన ప్రశ్నకి క్షమించమన్నాను. ఏ ప్రశ్న, నేను వినలేదే అంది. అబద్ధం. నేను ఏడ్చాను.

మే 6

రేపు అడ్మిషన్. చెల్లి అమ్మ చొక్కా తెచ్చింది. నేను బిగించిన కుట్లు తనే కూర్చుని విప్పింది. వేసుకుని చూశాను. ఎక్కడా సరిచేసే పని లేదు.