పప్పుల పొడికి కూలి

మడకశిరలో గల్లాపెట్టె ముందు కూర్చుని ఈ కాగితం విప్పుతున్న నాయనకు, నీ కూతురు వాసవి నమస్కారాలు.

ఇక్కడ నేను బాగున్నాను. నువ్వు, అమ్మ, జేజి బాగున్నారని ఫోనులో రోజూ వింటూనే ఉన్నా, కాగితం మీద అడగడం మర్యాద కాబట్టి అడుగుతున్నాను. జేజి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నువ్వు అనుకుంటావు. ఫోనులో అయితే నేను రెండు మాటలు చెప్పేలోగా గిరాకీ వస్తుంది, నువ్వు "ఆ, సరేమ్మా" అని పెట్టేస్తావు. ఈ సంగతి నువ్వు తీరిగ్గా చదవాలి.

బుక్కరాయసముద్రంలో గది నాకు అలవాటైపోయింది. పొద్దున బస్సు చెరువు పక్కనుంచే అనంతపురం పోతుంది. ఈసారి చెరువులో నీళ్లున్నాయి. రోజూ చూసేదే అయినా, కిటికీ పక్కన సీటు దొరికితే తల తిప్పుకోలేను. ఎండ మాత్రం మన ఊరి ఎండకు అన్న. తిండికి లోటు లేదు, మెస్సులో సంగటి కూడా పెడతారు. నేనేమీ చిక్కిపోలేదు, అమ్మకు గట్టిగా చెప్పు. ఒక్కటే వెలితి. మన వీధిలో ఎదురుపడిన ప్రతివాళ్లూ కన్నడంలో "ఊట ఆయ్తా" అంటారు కదా, ఇక్కడ అన్నం తిన్నావా అని అడిగే నాథుడు లేడు. సాయంత్రం గదికి వచ్చాక ఆ మాట కోసం ప్రాణం కొట్టుకుంటుంది. దిగులు పడొద్దు, నేను బాగానే ఉన్నాను.

ఇక అసలు సంగతి. నేను సి.ఏ. అవుతానని నువ్వు బజారంతా చెప్పి పెట్టావు. అంగడి పక్క గదికి నా పేరు బోర్డు తగిలించడానికి మేకు కూడా కొట్టి ఉంచావట, అమ్మ చెప్పింది. నేనూ అదే మనసులో పెట్టుకుని బి.కాం. కాగానే ఇక్కడి ఆడిటరు సారు ఆఫీసులో చేరాను. ఈ నెలాఖరులోగా కోర్సుకు పేరు నమోదు చేసుకోవాలి. అంతలో, మా పైఅంతస్తులో ఆఫీసు పెట్టుకున్న కాస్ట్ అకౌంటెంట్ మేడమ్‌కు సాయానికి మనిషి కావలసి వచ్చి, సారు నన్ను ఆమె వెంట పంపించారు. అక్కడ చూసింది నీకు చెప్పకుండా ఉండలేను.

ఊరి బయట కొంతమంది ఆడవాళ్లు కలిసి శెనక్కాయ చిక్కీలు చేసే షెడ్డు అది. తమకు లాభం ఎంత వస్తున్నదీ వాళ్లు గర్వంగా చెప్పారు. కాయలకింత, బెల్లానికింత, గ్యాసుకింత, కవర్లకింత, మిగిలింది లాభం. మన అంగడిలో మనం వేసే లెక్కే. నాకెక్కడా తప్పు కనపడలేదు. మేడమ్ మాత్రం పెన్ను పక్కన పెట్టింది.

"కాయలు పొయ్యి మీద ఏంచేదెవురు?"

"మేమే."

"పొట్టు చెరిగేదెవురు?"

"మేమే మేడమ్, ఇంకెవురుండారు?"

"ఇది మానేసి పక్క చేన్లో కలుపుకి పోతే కూలి ఇస్తారా, ఇయ్యరా?"

"ఇయ్యకుంటే ఎట్ల? ఉత్తిగా ఎవురు పోతారు?"

"మరి ఈడ ఉత్తిగానే చేస్తాండారే!"

వాళ్లలో పెద్దామె రామక్క కొంగు సర్దుకుని, "మా పనికి మేమే కూలి రాసుకుంటే మేం కూలోళ్లం అయిపోమా మేడమ్?" అంది. "రాసుకోకుంటే మాత్రం చేతులు నొప్పెట్టకుండా ఉండాయా అక్కా?" అంది మేడమ్.

ఆ తర్వాత ఒక్కొక్క పనినీ విడదీసి, ఎందరు చేస్తారు, ఎంతసేపు పడుతుంది అని అడిగి, ఆ కూలిని కూడా ఖర్చులో వేసింది. లాభం ఎగిరిపోయింది. ప్రతి పాకెట్టుకూ వాళ్లు తమ కష్టాన్ని ఉత్తినే కలిపి అమ్ముతున్నారు! రామక్క నోటి మీద చెయ్యి వేసుకుని, "ఏమప్పా, ఇన్నేండ్లు ఊరందరికీ ఉత్తిగా తినబెట్టినామా!" అని పకపకా నవ్వింది. అందరూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేకపోయాను నాయనా. పొగలో నిలబడి ఇన్నేళ్లు చేసిన పని, చేసిన వాళ్లకే కనపడని పని, ఒక్క ప్రశ్నతో అందరి ముందుకూ వచ్చి నిలబడింది. కాలేజీలో కాస్ట్ షీట్లు నేనూ వేశాను, మార్కులూ తెచ్చుకున్నాను. ఆ లెక్కకు ఇంత శక్తి ఉందని ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మేడమ్ మొహమే చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత రామక్కావాళ్లు చిక్కీల ధర పెంచారు. ఒక అంగడివాడు వద్దన్నాడు, మిగతావాళ్లు గొణుక్కుంటూనే తీసుకున్నారు.

సి.ఏ. తక్కువని నేను అనడం లేదు. మా సారు సంతకానికి ఉన్న విలువ రోజూ చూస్తున్నాను. వ్యాపారానికి రాసిన లెక్క సరిగ్గా ఉందో లేదో ఆయన తేలుస్తారు. ఒక వస్తువు తయారు కావడానికి నిజంగా ఎంతవుతుందో మేడమ్ తవ్వి తీస్తుంది. ఆ చదువును సి.ఎం.ఏ. అంటారు. రెండూ కష్టమే, రెండు పరీక్షలూ ప్రాణం తోడేస్తాయి. నా మనసు మాత్రం మేడమ్ పని మీదే పడింది. మన ఊళ్లో ఆ పేరు తెలిసినవాళ్లు తక్కువ. బోర్డు చూసి, "సి.ఏ. తప్పినట్టుండాది పాపం" అని మనవాళ్లే అంటారు. నీకు తలవంపులుగా ఉంటుందని భయపడి ఇన్నాళ్లూ ఈ మాట మింగుతూ వచ్చాను.

ఇప్పుడు నీకు కోపం వచ్చే మాట. మన అంగడిలో నికరమైన లాభం పప్పుల పొడిదే అని నువ్వు వచ్చినవాళ్లందరికీ చెబుతావు కదా. ఆదివారం అమ్మకు ఫోను చేశాను. మిరపకాయలు వేయించడానికి ఎంతసేపు, కొబ్బరి తురమడానికి ఎంతసేపు, దంచి జల్లించి పొట్లాలు కట్టడానికి ఎంతసేపు అని అడుగుతూ పోతే అమ్మకు విసుగొచ్చింది. "గడియారం యాడ చూసుకుంటానే? నువ్వేమన్నా నాకు దుడ్లిస్తావా ఏంది?" అంది. "మేడమ్ లెక్కలో అయితే ఇయ్యాల్సిందే మా" అన్నాను నవ్వుతూ. అమ్మ, పక్కన నువ్వున్నావేమో అన్నట్టు గొంతు తగ్గించి అడిగింది.

"ఎంతొస్తాదే?"

అమ్మ ఆ ప్రశ్న అడగడం నువ్వెప్పుడైనా విన్నావా? నేను వినలేదు. ఏడుపు ఆపుకోలేక, మళ్లీ చేస్తానని ఫోను పెట్టేశాను. లెక్క నా దగ్గర వేసే ఉంది. అయినా చెప్పలేదు, నీ నోటితో ఆమె వినాలని నా ఆశ.

కోపం వస్తే అమ్మ మీద చూపించొద్దు, నన్ను నోరారా తిట్టు, పడతాను. జేజికి నా దండాలు. మనవాళ్లెవరైనా ఇటు వస్తుంటే నా పాత కాలిక్యులేటరు ఇచ్చి పంపు.

అంగడి మూశాక వంటింట్లోకి పోయి, అమ్మ పక్కన కూర్చుని, ఒక్కొక్క పనీ అడిగి నువ్వే లెక్క వేయి నాయనా. లెక్కల్లో నాకంటే నువ్వే దిట్ట. ఎంతొస్తుందో ఆమెకు చెప్పు. చెప్పాక కూడా నేను సి.ఏ.నే చదవాలని నీకు అనిపిస్తే, సి.ఏ.నే చదువుతాను.

మీ ఇద్దరి దీవెనలు కోరుతూ,
నీ కూతురు
వాసవి