రాణి వేషంలో నీలమ్మ

జూబ్లీ హిల్స్,
12-9-2000

అక్కకి, నేను బాగానే ఉన్నాను. దగ్గుకి బెంగపడకు, అది ఫైళ్ల దుమ్ము.

మా ట్రస్టు ఆఫీసుకి కంప్యూటర్లు వచ్చాయి. వాటిలోకి ఎక్కించేలోపు పేద సినిమా కళాకారులు సాయం కోసం పెట్టుకున్న దరఖాస్తులన్నీ నేనే సర్దాలి. నడుము పడిపోతోంది. నిన్న నీలమ్మ అనే పాత జూనియర్ ఆర్టిస్టు వచ్చింది. కంటి ఆపరేషన్‌కి ఆమె పెట్టుకున్న కాగితం దొరకలేదని మావాళ్లు ఏడాదిగా తిప్పుతున్నారు.

"దాని మీద ఎలాంటి ఫోటో అంటించావమ్మా?" అని అడిగాను.

"రాణి ఏషంల ఉన్నది బిడ్డా. నాకు గదొక్కటే ఫోటో."

ఫోటోలో కిరీటం చూసి ఎవరో ఆ దరఖాస్తుని పాత సినిమా పోస్టర్ల కట్టలో పడేశారు. వెతికి తీసి, మా ట్రస్టు పెద్ద సార్ కారెక్కుతుంటే ఎదురుగా నిలబడి సంతకం పెట్టించాను. నీలమ్మ నా చెయ్యి పట్టుకుని, "గా ఫోటో మాత్రం వాపస్ ఇయ్యి బిడ్డా," అంది. జెరాక్సు తీయించి ఇచ్చేశాను.

మా నిహారికకి చెవిపోటు తగ్గిందా? నూనె వెయ్యకు, డాక్టరుకి చూపించు. ఎవరైనా ఇటు వస్తుంటే నా నూలు చీరలు రెండు పంపు. బావగారికి నమస్కారాలు. దసరాకి అమ్మ వస్తుందని మాత్రం పిల్లకి ముందే చెప్పకు. నాకు సెలవు దొరక్కపోతే అది గుమ్మం వదలదు.

నీ చెల్లి,
లీల